కారణాలతో నిమిత్తం లేకుండా

ఏలూరు కొత్త బస్టాండులో బయల్దేరిన కైకలూరు బస్సు మొదటి మలుపు తిరిగేసరికి ప్రసన్నలక్ష్మి ఒళ్ళోని సంచిలో ఫోను మూడోసారి మోగింది. తీసి చూడక్కర్లేదు, ఫోను ఆటల పోటీ నడిపే భీమశంకరం గారే అయి ఉంటారు, ఆదివారమైనా సరే ఆయన తొమ్మిదికల్లా జాబితా తెరిచి చూస్తారు, చూసే ఉంటారు, అందులో ఎనిమిది పేర్లు లేవు. పొద్దున ఏడింటికి, ఇంకా మొహమైనా కడుక్కోకుండా, తనే తీసేసింది. ఒక్కో పేరు మీద వేలు పెట్టడం, నిజంగా తొలగించాలా అని అది అడగడం, అవునని నొక్కడం, అలా ఎనిమిదిసార్లు. ఎక్కించిన రోజున మాత్రం ఒక్క నొక్కుతో ఎనిమిదీ ఎక్కాయి. డెల్టా కప్పు, కుమ్మక్కు కారణంగా రెండేళ్ళు నిషేధించబడినవారు, అని పైన ఎర్ర అక్షరాలు, కింద పేరూ ఊరూ ఫొటో, ఎవరైనా చూడొచ్చు, చూడాలనే పెట్టింది, నలుగురూ చూస్తారన్న సిగ్గుంటే తప్ప ఈ కుర్రాళ్ళు మాట వినరని మీటింగులో వాదించిందీ తనే. నాలుగో పేరు వెస్లీ, మండవల్లి. ఫొటోలో నవ్వుతున్నాడు, వెనకాల చెరువు, చెరువులో వెదుళ్ళకి వేలాడుతున్న మేత సంచులు. ఆ పేరు దగ్గర వేలు కాసేపు ఆగింది. తీసేస్తే ఇక ఎక్కడా ఉండడు కదా అనిపించింది, ఎంత పిచ్చి ఆలోచన, ఉన్నది దొంగాటగాళ్ళ జాబితాలో, అక్కడ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే అని భీమశంకరం గారు అననే అన్నారు, అయినా వేలు ఆగింది.

పక్కన కూర్చున్న పెద్దావిడ కాళ్ళ దగ్గర బుట్ట సర్దుకుని, ఎక్కడిదాకమ్మా అని అడిగింది. మండవల్లి దాకానండీ. చుట్టాలింటికా? కాదండీ, పరామర్శకి. అయ్యో, ఎవరు పోయారమ్మా? పంతొమ్మిదేళ్ళ కుర్రాడండీ, చెరువు దగ్గర కరెంటు కొట్టింది. ఆవిడ నాలుక చప్పరించి, ఆ ఏరేటర్లు వచ్చాక ఎంతమంది పోతున్నారో, మా వీధిలోనూ ఒకడు పోయాడు, అని, మీకేమవుతాడమ్మా అంది. ఏమవుతాడు? ఒక్కసారైనా చూడలేదు, గొంతు వినలేదు. ఆటలో ఆకుపచ్చ చొక్కా వేసుకున్న బొమ్మగా చూసింది, ఎప్పుడో ఫారం నింపినప్పుడు పుట్టిన తేదీ సరిచూసింది, అంతే. తెలిసినవాడండీ అంది చివరికి, ఆవిడ ఇంకేం అడగకుండా కళ్ళు మూసుకుంది.

తెలిసినవాడు. పదహారు జట్లు, జట్టుకి నలుగురు, అరవై నలుగురు ఒక దీవి మీద దిగుతారు, చుట్టూ నీలం వలయం మెల్లగా కమ్ముకొస్తుంది, దాని బయట చిక్కినవాడు చస్తాడు, లోపల ఎదురుపడినవాణ్ణి కాల్చాలి, చివరికి మిగిలినవాళ్ళు గెలిచినట్టు. అమ్మకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు, చంపుకోవడమేమిటే, దానికి నువ్వు తగువు తీర్చడమేమిటే అనేది. అంపైరునమ్మా, క్రికెట్లో ఉండరూ, అలాగ. పవర్‌పేటలో బట్టల కొట్టు పైన గది, ఐదు తెరలు, ఐదుగురు మనుషులు, అందరి మీదా పెద్ద తను. ఏ ఆటగాడి భుజం వెనకనుంచైనా చూడొచ్చు, వాడికి తెలియదు. ఏ ఇద్దరు కనపడి కూడా కాల్చుకోలేదో చూడాలి, అదే అసలు పని, ఎందుకంటే కాల్చుకోని రెండు జట్లు ఇక రెండు జట్లు కావు, నలుగురి మీదికి ఎనిమిదిమంది వచ్చినట్టు. ఆ సంగతి ఆమెకి ఎవరూ పుస్తకంలో చెప్పలేదు. ఐదేళ్ళ కిందట తాడేపల్లిగూడెంలో, కళ్యాణ మండపంలో పెట్టిన పోటీలో, ఆడపిల్లల జట్టు అదొక్కటే, తనూ రమ్యశ్రీ మరో ఇద్దరూ, ఆఖరి మూడు జట్లలో నిలిచారు. మిగిలిన రెండు జట్లూ పక్కపక్కనే నడుచుకుంటూ వచ్చాయి, ఒకరివైపు ఒకరు చూసుకోను కూడా చూసుకోలేదు, రాతి వెనక ఉన్న రమ్యశ్రీని అటొకడూ ఇటొకడూ నిలబడి కాల్చారు, కాల్చి ఆమె పడిపోయిన చోట ఇద్దరూ డాన్సు కట్టారు. మండపమంతా నవ్వింది. నిర్వాహకుడి దగ్గరికి వెళితే, అలా చేయకూడదని రూలేం లేదు కదమ్మా అన్నాడు. రమ్యశ్రీ ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ ఏడవలేదు, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది, తర్వాత ఎప్పుడూ ఆట ముట్టలేదు. రూలు లేదు కదమ్మా. ఆ ముక్క చెవిలో పడి అలాగే ఉండిపోయింది. అందుకే డెల్టా కప్పు వాళ్ళు నిబంధనలు రాసే పని అప్పగించినప్పుడు మిగతావన్నీ ఒక పూటలో రాసేసి పద్నాలుగోదానికి వారం తీసుకుంది. వేర్వేరు జట్ల ఆటగాళ్ళు ఒకరికొకరు కనిపించే దూరంలో ఉండి తొంభై సెకన్లకు మించి దాడి చేయకపోతే, కారణాలతో నిమిత్తం లేకుండా, కుమ్మక్కుగా పరిగణించబడుతుంది. ఒకరి తప్పు జట్టంతటికీ వర్తిస్తుంది. కారణాలతో నిమిత్తం లేకుండా అన్నది మొదటి ప్రతిలో లేదు. కారణాలు అడిగితే ప్రతివాడూ చెబుతాడని, నెట్టు పోయిందనీ, చెయ్యి జారిందనీ, అమ్మ పిలిచిందనీ చెబుతాడని, రెండో ప్రతిలో చేర్చింది. చేర్చి చదువుకుంటే ఎంత బాగుందో. తలుపు వేసి గడియపెట్టినట్టు.

బస్సు వరిచేలు దాటి చెరువుల మధ్యకి వచ్చింది. రోడ్డుకి రెండువైపులా నీళ్ళే, గట్లతో గళ్ళు గళ్ళుగా కోసిన నీళ్ళు, ఒకప్పుడు ఇదంతా ఒకటే సరస్సని నాన్న అనేవాడు, ఇప్పుడు ఏది కొల్లేరో ఏది ఎవరి చెరువో తెలీదు. ప్రతి చెరువులోనూ తెల్లటి నురగ చిమ్ముతూ ఏరేటర్ల చక్రాలు తిరుగుతున్నాయి, చేపలకి గాలి అందడానికట. ఇన్నాళ్ళూ ఈ దారిన వెళుతూ వాటిని చూసి ముచ్చటపడేది. ఇప్పుడు చక్రం నుంచి గట్టు దాకా పాకిన నల్లటి తీగలే కనపడుతున్నాయి, తడి గట్టు, తడి గడ్డి, రెండు కర్రలకి వేలాడదీసిన స్విచ్చి పెట్టె, దాని మీద కప్పిన ఎరువుల సంచి. ఇలాంటిదే అయి ఉంటుంది. ఐదు వారాల కిందటి ఆదివారం, సాయంత్రం నాలుగూ పది. సెమీఫైనల్. మండవల్లి జట్టులో మిగతా ముగ్గురూ అప్పటికే ఆటలోంచి పోయారు, వెస్లీ ఒక్కడే మిగిలాడు, ఒక్కడే అయినా బాగా ఆడుతున్నాడని తన తెరమీద అతని వెనకే వెళుతోంది. గోడ పక్కకి వచ్చి ఆగాడు. ఆగడం మామూలే. పది సెకన్లు, ఇరవై. అప్పుడు తాడేపల్లిగూడెం జట్టులోని కిరణ్ కుమార్ గోడ మలుపు తిరిగి ఎదురుపడ్డాడు, తుపాకీ ఎత్తాడు, దింపాడు. ఎందుకు దింపాడు? ఆమె వెన్ను నిటారుగా అయింది. చేతి కింద గడియారం నొక్కింది. ఆ నొక్కడంలో సంతోషం ఉంది, కాదనలేదు, సంతోషమే అది, దొరికారు అనుకుంది. కిరణ్ వాడి ముందు గెంతాడు, అటు గెంతాడు, ఇటు గెంతాడు, కూర్చున్నాడు, లేచాడు. మందుల పెట్టె తీసి వాడి కాళ్ళ దగ్గర పెట్టాడు. తొంభై సెకన్లు దాటాయి. రెండు నిమిషాలు, మూడు. ఎవరూ ఎవర్నీ కాల్చలేదు. నాలుగో నిమిషంలో వెస్లీ తుపాకీ పేలింది, ఒక్కటే గుండు, ఎవరి మీదికీ కాదు, ఆకాశంలోకి. మళ్ళీ కదల్లేదు. నీలం వలయం వచ్చేదాకా కిరణ్ పక్కనే నిలబడ్డాడు, వచ్చాక ఇద్దరూ అందులోనే పోయారు. ఆరు నిమిషాలు. రిపోర్టు ఆ సాయంత్రమే రాసింది. సాక్ష్యం ఒకటి, దాడి మానుకోవడం. రెండు, వస్తువులు ఇచ్చిపుచ్చుకోవడం. మూడు, ఆకాశంలోకి కాల్చి సంకేతం ఇవ్వడం. మూడోది రాసేటప్పుడు, ఎవరికి సంకేతం అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది, కారణాలతో నిమిత్తం లేదు కదా అని ముందుకెళ్ళిపోయింది.

ఫోను మళ్ళీ మోగి ఆగిపోయింది. కిరణ్ కుమార్ అప్పీలు మర్నాడే వచ్చింది, తప్పుల తడకగా, ఆత్రంగా. మేడమ్, ఆ అబ్బాయెవరో నాకు తెలియదు, కదలట్లేదు, ఫోను ఆగిపోయిందేమో అనుకున్నాను, నిద్రపోతున్నవాణ్ణి కాల్చినట్టు ఉంటుందని కాల్చలేదు, మావాళ్ళు కాల్చు కాల్చు అని అరుస్తూనే ఉన్నారు, తప్పు నాదే, మావాళ్ళ ముగ్గుర్నీ వదిలేయండి. పద్నాలుగో నిబంధన చూడగలరు, నిర్ణయంలో మార్పు లేదు, అని రెండు ముక్కల్లో జవాబిచ్చింది. ఇచ్చి అన్నం తింది. ఆ ముగ్గురూ ఇప్పుడు అతనితో మాట్లాడటం లేదట, కాలేజీలో బెంచీ మారిపోయారట, ఇదీ తర్వాత తెలిసింది. మూడు వారాలకి బిందు ఉత్తరం. వందనాలండీ, నేను వెస్లీ అక్కని, కైకలూరులో టీచరుగా చేస్తున్నాను, మా తమ్ముడు ఆ రోజు ఆట ఆడుతూ ఆడుతూ చెరువు మీద కరెంటు ఆగి వస్తే ఏరేటరు వెయ్యడానికి లేచాడు, నాలుగూ పదికి మా లైనులో కరెంటు వచ్చింది, వెంటనే పోయి ఉంటాడని డాక్టరు గారు చెప్పారు, నొప్పి తెలిసి ఉండదన్నారు, దేవుడి దయ, మీ జాబితాలో వాడి పేరు మోసగాళ్ళలో ఉంది, చర్చికి వెళితే పిల్లలు ఫోనులో చూపించుకుంటున్నారు, తీసేయగలరా. ఆఖరున, నాన్నగారు ఆ ఆట ఒకసారి చూడాలంటున్నారు, నేను చూడలేను గానీ ఆయన అడుగుతున్నారు.

నాలుగూ పది. ఉత్తరం పక్కన పెట్టి వీడియో తెరిచింది, తెరమీద కింద మూలన అంకెలు, నాలుగూ పది దాటి ఇరవై సెకన్లకి వాడు ఆగిపోవడం. ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. అప్పుడు గెంతుతున్న కిరణ్ కుమ్మక్కుదారుడిలా కనపడ్డాడు, ఇప్పుడు తలుపు బాదుతున్న మనిషిలా ఉన్నాడు. అదే వీడియో, ఇసుమంతైనా మారలేదు. నాలుగూ పద్నాలుగుకి గుండు పేలడం. అది వేలు బిగుసుకుపోయి దానంతటది నొక్కుకుందా, లేక వాడికి ఇంకా తెలివి ఉండి, నోరు లేవక, చేతిలో ఉన్నదొక్కటే కనక దాన్నే నొక్కాడా, ఏ డాక్టరు చెబుతాడు. వెంటనే పోయాడన్నారు. నాలుగు నిమిషాలు వెంటనే కాదు. అరవై నలుగురి ఫోను నంబర్లూ ఆమె దగ్గర ఉన్నాయి, పక్క తెరలో, ఒక్క నొక్కు దూరంలో. కదలని ఆటగాడికి ఫోన్ చేసి అడగమని ఏ నిబంధనా లేదు, ఎందుకంటే నిబంధనలు రాసింది తను. భీమశంకరం గారికి చెబితే పాపం అన్నారు, నిజంగానే అన్నారు, చెడ్డవాడు కాదు. తర్వాత, ఒక్క పేరు తీస్తే మిగతా ఏడూ తీయాలమ్మా, అవి తీస్తే పోయిన ఏడాది నిషేధించినవాళ్ళంతా కోర్టుకెక్కుతారు, నువ్వు రాసిన రూలే కదా అన్నారు. పోయినవాడికి నిషేధం ఉంటేనేం, లేకపోతేనేం?

ఆటపాక దగ్గర బస్సు నెమ్మదించింది. చెట్ల నిండా గూడబాతులు, కొమ్మకి ఐదారు, వాటి రెట్టతో ఆకులు తెల్లగా సున్నం వేసినట్టున్నాయి. పెద్దావిడ లేచి, బుట్ట ఎత్తుకుంటూ, తల్లి ఉందామ్మా ఆ పిల్లాడికి అని అడిగింది, లేదండీ, తండ్రీ అక్కా, అంటే, అమ్మయ్య అంది, తల్లి లేనందుకు అమ్మయ్య అంది, దిగిపోయింది. చూపించాలా? ఆ గుండు పేలేముందు ఆపేసి ఇంతేనండీ అనొచ్చు. కత్తిరించి తెచ్చినా ఎవరికి తెలుస్తుంది. దేవుడి దయ అని రాసింది ఆ పిల్ల. ఆ రెండు మాటల మీద ఇల్లంతా నిలబడి ఉంటే వెళ్ళి దాన్ని లాగేయడం న్యాయమా, నిజం చెప్పడం న్యాయమా, ఇన్నేళ్ళు న్యాయం న్యాయం అని ఎగిరింది కదా, ఇప్పుడు చెప్పమను. అసలు ఎవరికోసం వెళుతోంది, వాళ్ళకోసమా, తను కాస్త ఊపిరి పీల్చుకోవడం కోసమా. కనీసం పేర్లు తీసేశాననైనా చెప్పొచ్చు. వట్టి చేతులతో వెళ్ళడం లేదు. ఆ ఒక్కటీ పట్టుకుని వెళ్ళొచ్చు.

కైకలూరులో దిగి మండవల్లి ఆటో కోసం నిలబడి ఫోను తీసింది. ఏడు కాల్స్, ఒక సందేశం. నీ యాక్సెస్ తీసేశాం, రేపు ఆఫీసుకి రానక్కర్లేదు, ఇలా చేస్తావనుకోలేదమ్మా. జాబితా తెరిచింది. ఎర్ర అక్షరాలు, ఎనిమిది పేర్లు, వరసైనా మారలేదు. నాలుగోవాడు నవ్వుతున్నాడు.

ఆటో దిగాక గట్టు మీద అరమైలు నడిచింది. బిందు ఎదురొచ్చింది, తెల్ల చీర, కళ్ళ కింద నలుపు, కానీ మొహం వెలిగిపోతోంది. "రండక్కా. పొద్దున్నే కిరణ్ కుమార్ ఫోన్ చేశాడు, మీరే నా నంబరిచ్చారంట. పేర్లు తీసేశారంట కదా. ఏడ్చేశాడక్కా. నాన్నగారికి చెప్పాను."

ప్రసన్నలక్ష్మి ఉన్నదున్నట్టు చెప్పింది. "మళ్ళీ పెట్టేశారమ్మా. నేను తీశాను, వాళ్ళు మళ్ళీ పెట్టేశారు. నా చేతిలో ఇంకేం లేదు."

బిందు, "అయితే కిరణ్‌కి మీరే చెప్పండక్కా, నేను చెప్పలేను" అని, "లోపలికి రండి, ఎండగా ఉంది" అంది.

చెరువు ఒడ్డున రేకుల పాక, ముందు నులకమంచం. వెస్లీ తండ్రి దేవసహాయం గారు ఇరవై ఏళ్ళుగా ఆ చెరువుకి కాపలా, పొడుగాటి మనిషి, గళ్ళలుంగీ, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని కూర్చున్నాడు, ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారన్నట్టు. కూర్చోండమ్మా అని మంచంలో సగం ఖాళీ చేశాడు. బిందు టీ పెడతానని లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. "చూపించండమ్మా" అన్నాడాయన. ఫోను ఆయన చేతికే ఇచ్చింది. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి చూశాడు.

"ఆ ఆకుపచ్చ చొక్కా మావాడా?"

"అవునండీ."

"ఆ గెంతేవాడెవరు?"

"కిరణ్ కుమారండీ, తాడేపల్లిగూడెం అబ్బాయి. అవతలి జట్టు. మీవాణ్ణి కదిలిద్దామని చూశాడు. ఆ పెట్టినవి మందులండీ."

"మంచి పిల్లాడు" అన్నాడు, ఫోన్ చేసి ఏడ్చింది ఈ అబ్బాయేనా అన్నాడు, మళ్ళీ చూశాడు. కుర్చీ లాగిన చప్పుడు, గిన్నె చప్పుడు లోపల్నుంచి. మూడో నిమిషం. చెయ్యి చాచి ఆపేయొచ్చు, ఇంతేనండీ అనొచ్చు, చెయ్యి లేవలేదు. గుండు పేలింది. చిన్న ఫోనులో చిన్న చప్పుడు, అగ్గిపుల్ల గీసినట్టు.

"ఆ పేల్చిందెవరమ్మా?"

"మీవాడేనండీ."

ఆయన వేలు తెర మూలన ఉన్న అంకెల మీదికి వెళ్ళింది. చదువుకున్నాడు. పెదాలు కదిలాయి, లెక్క కట్టుకున్నాడు. ప్రసన్నలక్ష్మికి తన గొంతు తనకే పరాయిగా వినపడింది. "నేను చూస్తూనే ఉన్నానండీ. ఆ ఆరు నిమిషాలూ వాడి వెనకే ఉన్నాను. ఫోన్ నంబరు నా దగ్గరుంది. చెయ్యలేదు. తప్పు పట్టుకున్నాననుకుని సెకన్లు లెక్కపెట్టాను."

తిడతాడని చూసింది. కొడతాడేమో, కొడితే బాగుండును. ఆయన ఫోను మంచం మీద బోర్లా పెట్టి, చెరువు అవతల గట్టుకేసి చూశాడు. అక్కడ కరెంటు స్తంభం, స్తంభం కింద కొత్తగా బిగించిన పెట్టె. మూసిన తలుపుకేసి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"నేనిక్కడే ఉన్నానమ్మా ఆ రోజు. ఈ మంచం మీదే. టీ తాగుతున్నాను. అదిగో, ఆ స్తంభం కింద పక్కకి తిరిగి పడుకుని కనపడ్డాడు, చేతిలో ఫోను. రోజూ అలాగే పడుకుని ఆడతాడు. ఆటలో ఉన్నాడు కదా, పిలిస్తే విసుక్కుంటాడని పిలవలేదు. గ్లాసు కడిగాను. సంచుల్లో మేత పోశాను. అప్పుడెళ్ళాను. వెంటనే పోయాడని డాక్టరు గారంటే, సరే, అప్పుడు పిలిచినా ఒకటేలే అనుకున్నాను. ఐదు వారాల్నించీ అదే అనుకుంటున్నాను."

చెరువులో చక్రాలు తిరుగుతున్నాయి.

"మీరు అక్కణ్ణుంచి చూశారు, నేను ఇక్కణ్ణుంచి చూశాను" అన్నాడు దేవసహాయం.

తలుపు తెరుచుకుని బిందు రెండు గ్లాసులతో వచ్చింది. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఏమైంది నాన్నా? ఏముంది అందులో?"

"ఏం లేదమ్మా. వెంటనే పోయాడు. ఈవిడా అదే అంటున్నారు."

బిందు ప్రసన్నలక్ష్మి వైపు తిరిగింది. "అవునా అక్కా?"

"అవునమ్మా" అంది ప్రసన్నలక్ష్మి. "వెంటనే."